కారణం అడగండి, చెప్తాం. గొర్రెలు అని మాత్రం అనొద్దు

జై సేవాలాల్ అనేవాళ్లకీ, ప్రైజ్ ది లార్డ్ అనేవాళ్లకీ, రెండూ అనేవాళ్లకీ ఈ పోస్టు.

మేము అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న సుగాలి, ఎరుకల పిల్లలం. యేసుని నమ్ముకున్న ఇళ్ల నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో రెండు రకాల వీడియోలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో మమ్మల్ని "గొర్రెలు", "రైస్ బ్యాగ్ బ్యాచ్" అంటారు. రెండోదాంట్లో మావైపు వాళ్లే మైకు పట్టుకుని "మీ దేవుళ్లంతా దయ్యాలు" అని అరుస్తారు. రెండిటికీ లైకులు బాగానే వస్తాయి. రెండిట్లోనూ లేనిది ఒక్కటే, కారణం. ఒక మనిషి దేన్నైనా నమ్మితే ఎందుకు నమ్ముతున్నాడో చెప్పగలగాలి. ఎదుటోడు అడిగితే వినగలగాలి. తిట్టు ఎప్పుడూ కారణం కాదు.

ముందు బియ్యం సంగతి తేల్చుకుందాం. 1876-78 కరువు గురించి మన జిల్లా వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. మనకి అంత కరువు వచ్చిన ఆ ఏళ్లలోనే ఒంగోలు వైపు కూడా జనం ఆకలితో చచ్చిపోయారు. అక్కడ జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకి పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. బియ్యం కోసమే మతం ఇవ్వాలనుకుంటే అదే మంచి సమయం. కానీ ఆయన కరువు పని నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇంకో సంగతి. ఆ ఉద్యమానికి మొదటి మనిషి దొర కాదు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. గురువుల దగ్గర యోగం నేర్చుకుని, సత్యం ఏందని ఏళ్ల తరబడి వెతికినోడు. బాప్తిస్మం తీసుకుంది 1866లో, అంటే కరువుకి పదేళ్ల ముందే. వెతికి, అడిగి, పోల్చి చూసి నమ్మిన ఆ పెద్దమనిషిని ఏ బస్తాలో కొలుస్తారు? ఆశతో వచ్చినోళ్లు అసలు లేరని మేము అనం. ఏ మతంలో లేరు? ఆకలప్పుడు పని ఇచ్చినోడి మాట చెవిన పెట్టడం కూడా తప్పేమీ కాదు. పేదోడు నమ్మితే బియ్యం కోసం, పెద్దోడు నమ్మితే తత్వం కోసం అనడమే అసలు కుళ్లు. మనకి బుర్ర లేదని చెప్పడమే అది. ఆ మాట రేపు మన గిరిజనుల అందరి మీదికీ వస్తుంది, మతంతో పని లేకుండా.

"చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుంది" అని చిన్న తరగతుల పిల్లల్ని భయపెడుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు రెండున్నాయి. ఎస్సీల ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీల ఉత్తర్వులో లేదు. పుట్టుక, తెగ, మన బతుకు తీరు, వీటిని బట్టే మనం ఎస్టీలం. ఈ షరతు కొత్తగా పెట్టాలని అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే మనం ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం ఎవరికి లాభమో ఆలోచించండి.

ఇప్పుడు మావైపు వాళ్లకి. "ప్రశ్నలు అడగొద్దు, నమ్ము అంతే" అని కొందరు బోధకులు చెప్తారు. ఇది బైబిల్ మాట కాదు. లూకా తన సువార్త మొదట్లోనే అన్నీ మొదటి నుంచి విచారించి రాస్తున్నానని చెప్పుకున్నాడు. బెరయ ఊరి వాళ్లు సాక్షాత్తూ పౌలు చెప్పినా సరే, నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిరగేశారు. దానికి వాళ్లని మెచ్చుకున్నారే గానీ తిట్టలేదు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, హేతువు అడిగినోళ్లకి జవాబు సిద్ధంగా ఉంచుకోమంటాడు, అదీ సాత్వికంగా. అక్కడ జవాబుకి వాడిన గ్రీకు మాట అపొలోగియా. కోర్టులో నిలబడి తన కేసు తాను చెప్పుకోవడం అని అర్థం. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే ఆయన రోమా చక్రవర్తికే అట్లా రాతపూర్వకంగా వాదన పంపాడు. ఆ నమ్మకం కోసమే తర్వాత ప్రాణం ఇచ్చాడు.

మరి మా కేసు ఏంది? యేసుకి మరణశిక్ష వేసి చంపారని మావాళ్లే కాదు, క్రైస్తవులంటే పడని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా క్రీ.శ. 116 ప్రాంతంలో రాశాడు. తిరిగి లేచిన యేసుని చూసినోళ్లు ఐదొందల మందికి పైగా ఉన్నారనీ, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ పౌలు కొరింథు వాళ్లకి రాసిన మొదటి పత్రికలో చెప్తాడు. ఆ పత్రిక సంఘటన జరిగిన పాతికేళ్ల లోపలే రాసింది. పాతికేళ్లంటే ఎంత? ఇరవై ఏళ్ల కిందటి కరువులో ఎవరెవరు బెంగళూరు పోయి ఏ పని చేశారో మన అమ్మానాయన ఇప్పటికీ పేర్లతో సహా చెప్తారు.

"నోటి మాటలకి విలువేముంది" అనేవాళ్లు ఒక్కసారి గుత్తి దగ్గర సేవాగఢ్‌ని తలుచుకోండి. సేవాలాల్ 1739లో అక్కడ పుట్టాడని మనకి తెలిసింది ఎట్లా? మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పాటల్లో, పెద్దల నోట్లో నిలిచింది కాబట్టే తెలిసింది. రాతలో ఉన్నదే నిజమైతే మన చరిత్రలో సగం పోతుంది. నోటి మాటలో పెంచి చెప్పడం కూడా ఉంటుంది, అందుకే సాక్షుల్ని పోల్చి చూడాలి. ఇదంతా లెక్కల సూత్రం లాగా పునరుత్థానాన్ని రుజువు చేస్తుందని మేము అనం. సాక్ష్యం ఒక చోటు దాకా తీసుకుపోతుంది. అక్కడి నుంచి అడుగు వేయడం నమ్మకం. బోరు పాయింటు చూసి అప్పు తెచ్చే రైతు కూడా చేసేది అదే.

మాలో చాలామంది చేసే తప్పుడు వాదన ఒకటుంది. "ప్రార్థన చేస్తే జబ్బు పోయింది, వాన వచ్చింది, అందుకే యేసు నిజం." మంచిదే, దేవునికి స్తోత్రం. మరి వాన రాని ఏడు? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల మనది. వాన మీద కట్టిన నమ్మకం చెనిక్కాయ చేనుతో పాటే ఎండిపోతుంది. హబక్కూకు ప్రవక్త చేలో పంట లేకపోయినా, దొడ్లో పశువులు లేకపోయినా దేవుణ్ణి వదలను అన్నాడు. అది కరువు సీమలో నిలబడే విశ్వాసం. ఇక టీబీ మాత్రలు మానేసి ప్రార్థన చాలనే బోధకుడు ఎవడైనా సరే, వాడి మాట వినొద్దు. బైబిల్లో లూకా వైద్యుడు, ఆ సంగతి గుర్తు చేయండి.

చివరగా, సేవాలాల్‌నీ మేరామ యాడినీ దయ్యాలు అని అరిచే క్లిప్పులు పంపకండి. ఆ పాటలు పాడే మన అవ్వలే మనకి ముద్ద పెట్టి పెంచారు. యేసు మీద నమ్మకం ఉన్నోడికి అవ్వని అవమానించే పని ఉండదు. సాత్వికం అనేది పేతురు చెప్పిన షరతు, అది లేని వాదన గెలిచినా మాది కాదు.

నమ్మని అన్నలకీ అక్కలకీ మేము అడిగేది ఇంతే. ఎంత గట్టి ప్రశ్నైనా తీసుకుని రండి. తెలిసింది చెప్తాం, తెలియనిది తెలియదంటాం, కలిసి చదువుదాం. గొర్రెలు అని మాత్రం అనొద్దు. మన తాతలు గొర్రెలు కాసినోళ్లు, ఎద్దుల మీద ఉప్పు మోసినోళ్లు. ఎవరి వెనకా తల వంచుకుని నడిచినోళ్లు కాదు. మేమూ కాదు.