బహుమానములును జోస్యములును

భాద్రపదమాసమున వెనిస్, టొరంటో నగరములలో చలనచిత్రోత్సవము లారంభమైనది మొదలు ఫాల్గుణమున అమెరికాలో ఆస్కారు బహుమానముల ప్రదానము ముగియువఱకు లోకమునందలి పత్రికలలో నొక విచిత్రమైన పంచాంగశ్రవణము జరుగుచుండును. ఏ చిత్రమునకు రాజపూజ్య మెంత, ఏ నటునకు అవమాన మెంత, ఎవరికి ఆదాయము, ఎవరికి వ్యయము అని జోస్యులు గణించుచుందురు. క్రొత్త చిత్రము తెరపై పడిన మఱునాడే "ఇది యెట్లున్నది?" అను ప్రశ్నకు మాఱుగా "ఇది గెలుచునా?" అను ప్రశ్న వినవచ్చుచున్నది. మన తెలుగునాటి చర్చలకును ఈ యలవాటు సోకినది. ఈ రెండు ప్రశ్నలును ఒకటి కావు. రెండవది మొదటిదానిని మ్రింగివేయుచున్నది. ఇందువలన మనకు కలుగుచున్న నష్టమెట్టిదో నిదానించి చూచుట యవసరమని మేము తలంచుచున్నాము.

ఈ బహుమానముల పుట్టుక మిక్కిలి సామాన్యమైనది. 1927లో హాలీవుడ్ చిత్రపరిశ్రమలోనివారు చేరి అకాడమీ యను సంస్థను స్థాపించుకొనిరి. 1929 మే 16వ తేదీన ఒక హోటలులో విందు చేసి తొలి బహుమానములను పంచిపెట్టిరి. ఆ తంతు పావుగంటలో ముగిసినదట! గెలిచినవారి పేర్లు మూడు నెలలకు ముందే ప్రకటింపబడి యుండుటచే నాడు జోస్యమునకు చోటే లేకుండెను. పిమ్మట పేర్లను పత్రికలకు ముందుగా నిచ్చి, ప్రదానమగువఱకు అచ్చువేయవలదని కోరు పద్ధతి వచ్చినది. 1940లో లాస్ ఏంజెలెస్ పత్రిక యొకటి సమయమునకు ముందే ఆ పేర్లను బయటపెట్టినది. మఱుసటి యేడు నుండి మూసిన లకోటాల యేర్పాటు జరిగినది. రహస్యము పుట్టిననాడే జోస్యమునకును గిరాకి పుట్టినది. నేడు ఆ లకోటాలో నేమున్నదో ముందుగా చెప్పుటయే కొందఱికి వృత్తియై, వేలకొలది పాఠకులకు వినోదమై వర్ధిల్లుచున్నది.

ఈ తీర్పు వెలువడు తీరు తెలిసినగాని దాని విలువ తెలియదు. ఓటు హక్కు గల సభ్యులు సుమారు 10,000 మంది. ఉత్తమచిత్రమునకు పది చిత్రములను పోటీలో నిలుపుదురు. ఓటరు తనకు నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని వానికి స్థానము లిచ్చును. మొదటి స్థానములు తక్కువ వచ్చినదానిని తొలగించి, దానికి వ్రాసినవారి ఓట్లను వారి తరువాతి యిష్టమునకు చేర్చుదురు. సగమునకు మించిన ఓట్లు ఒక చిత్రమునకు వచ్చువఱకు ఇట్లే సాగింతురు. దీని ఫలితమేమి? కొందఱు ప్రాణసమముగా ప్రేమించి, మఱికొందఱు ద్వేషించు చిత్రముకంటె, ఎవ్వరికిని అంతగా కోపము రప్పించని చిత్రమునకే యిందు బలమెక్కువ. 2019లో ఉత్తమ దర్శకుని బహుమానము "రోమా"కు వచ్చినను, ఉత్తమచిత్రముగా "గ్రీన్ బుక్" నిలిచినది. ఇది దోషమని మేమనము. పదివేలమంది ఏకాభిప్రాయమునకు వచ్చుటకు ఇదియొక మార్గము. కాని యది సమాధానపు తీర్పే కాని సౌందర్యపు తీర్పు కాదు.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి యింకొకటి గలదు. తుది విడతలో ఓటు వేయువారు పోటీలోనున్న చిత్రములనన్నిటిని చూచితీరవలెనను నియమమును అకాడమీ 2025లో గాని ప్రకటింపలేదు. అనగా అంతకుముందు దాదాపు శతాబ్దకాలము, చూడని చిత్రముపై తీర్పు చెప్పుటకు పెద్ద యాటంక మేదియు లేకుండెను. చూడనివానికి ఆధారమేమి? చెవినిబడిన మాట. ఆ మాటను చెవినివేయుటకే నిర్మాతలు విందులు, ప్రత్యేక ప్రదర్శనములు, పుటలకొలది ప్రకటనలు ఏర్పాటు చేయుదురు. జ్ఞాపకము చల్లాఱకుండ చిత్రములను సంవత్సరాంతమున విడుదల చేయుదురు. జోస్యులు తమకు తెలియకయే యీ ప్రచారమున భాగస్వాములగుచున్నారు. "ఇది గెలుచునట" యను మాట పదిసార్లు అచ్చుపడినచో, చూడని ఓటరునకు అదియే ప్రమాణమగును. తాను చెప్పినది జరిగినదని జోస్యుడు సంతసించును. చెప్పుటవలననే జరిగినదేమో యని శంకింపడు!

ఇంతచేసియు జోస్యములు ఫలించుచున్నవా? 2017లో "లా లా లాండ్" 14 బహుమానములకు పోటీపడి ముందు నడచినది. లకోటాల తారుమారుచే వేదికపై దాని పేరే చదువబడినది కూడ. నిమిషములలోనే పొరపాటు బయటపడి ఉత్తమచిత్రముగా "మూన్‌లైట్" ప్రకటింపబడినది. 2025లో "ఎమీలియా పెరెజ్" 13 బహుమానములకు పోటీపడి రెంటితో ఇల్లు చేరినది. ఫలించినపుడైనను జోస్యము చిత్రమును గుఱించి మనకేమియు చెప్పదు. 1942లో ఉత్తమచిత్ర బహుమానము "హౌ గ్రీన్ వజ్ మై వ్యాలీ"కి పోయి "సిటిజన్ కేన్" ఓడినది. నాడు ఆ ఫలితమును సరిగా చెప్పినవాడు గొప్ప జోస్యుడు కావచ్చును. కాని యెనుబది సంవత్సరముల పిమ్మట చలనచిత్ర విద్యార్థులు పాఠముగా చదువుచున్నది ఓడిన చిత్రమునే! హిచ్‌కాక్ జీవితకాలమున ఒక్కసారియైనను ఉత్తమ దర్శకుడుగా నెన్నుకోబడలేదు. గెలుపును లెక్కించు విద్య వేఱు, కళను పరీక్షించు విద్య వేఱు.

బహుమానములు నిరర్థకములని మేము వాదించుటలేదు. 1956లో కాన్ ఉత్సవమున లభించిన గౌరవము "పథేర్ పాంచాలి"ని లోకమునకు చూపినది. 2020లో కొరియా చిత్రము "పారసైట్" ఉత్తమచిత్రమైనపుడు, ఆంగ్లేతర భాషాచిత్రమున కట్టి గౌరవము దక్కుట అదియే ప్రథమము. ధనబలము లేని చిన్న చిత్రమునకు బహుమానము దీపమువంటిది. దీపము వస్తువును చూపుటకుగాని, వస్తువునకు బదులుగా చూచుటకు కాదు.

ఇక మన దేశపు సంగతి. ఆంగ్లేతర చిత్రముల బహుమానమునకు ఒక్కొక్క దేశము ఏటేట ఒక్క చిత్రమునే పంపవలెను. మనకు ఆ యెన్నికను ఫిల్మ్ ఫెడరేషన్ వారి సంఘము చేయుచున్నది. 1957నాటి "మదర్ ఇండియా", 1988నాటి "సలాం బాంబే", 2001నాటి "లగాన్" మాత్రమే 2025 ప్రదానమువఱకు తుదిపోటీకి చేరినవి. ఒక్కటియు గెలువలేదు. తెలుగునుండి వెళ్ళినది 1986నాటి "స్వాతిముత్యము" ఒక్కటే. 2024 మేనెలలో పాయల్ కపాడియాగారి "ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్" కాన్‌లో ద్వితీయ మహాగౌరవమైన గ్రాండ్ ప్రీ పొందియుండగా, మన సంఘమువారు "లాపతా లేడీస్"ను పంపిరి. అది పదునైదు చిత్రముల జాబితాకైనను చేరలేదు. లాపతా లేడీస్ మంచి చిత్రమే. అయినను మాకు తోచునదేమన, ఇట్టి సంఘములలోని పెద్దలు న్యాయాధిపతులుగా గాక జోస్యులుగా కూర్చుండుచున్నారు. "మన చిత్రములలో నేది యుత్తమము?" అని యడుగుటకు మాఱుగా "దొరలకు మనలో నేది నచ్చును?" అని యూహించుచున్నారు. తన రుచిని మఱచి పరుని రుచిని ఊహించి వండిన వంట ఇంటివారికిని కాదు, అతిథికిని కాదు.

దీనికి ప్రత్యక్షసాక్ష్యము మన యింటనే గలదు. 2022 మార్చిలో రాజమౌళిగారి "ఆర్‌ఆర్‌ఆర్" విడుదలైననాడు పాశ్చాత్య జోస్యులలో దానిని లెక్కలోనికి తీసికొన్నవా రరుదు. మన సంఘమును ఆ యేడు గుజరాతీ చిత్రము "ఛెల్లో షో"ను పంపినది. అదియు యోగ్యమైనదే, పదునైదింటి జాబితాకు చేరినది. అయినను అమెరికా ప్రేక్షకులు సినిమాహాళ్ళలో లేచి నృత్యము చేయుచు "ఆర్‌ఆర్‌ఆర్"ను ముందునకు త్రోసిరి. దేశపు సిఫారసు లేకయే 2023 మార్చి 12వ తేదీన "నాటు నాటు" పాట ఆస్కారు గెలిచినది. చంద్రబోసుగారి మాటలు పల్లెటూరి తెలుగు, కీరవాణిగారి బాణీ మన వీథుల దరువు. ఒకరి మెప్పునకై దానిని నాగరికము చేయలేదు. తనవలె తానుండుటయే దాని బలము. వారిరువురును అదే యేడు అకాడమీ సభ్యత్వమునకు ఆహ్వానితులైరి. నిన్నటివఱకు తీర్పునకై యెదురుచూచినవారు నేడు తీర్పరులలో చేరదగినవారైరి.

ఇంతటి పరిశ్రమ గల మనము మన యింటి తక్కెడ నెట్లు కాపాడుకొంటిమి? 1964లో నెలకొల్పబడిన నంది బహుమానములు తెలుగు చిత్రమునకు గౌరవచిహ్నములై యుండెను. రాష్ట్రవిభజన పిమ్మట 2014, 2015, 2016 సంవత్సరముల నందులను 2017లో ఒక్కమాఱే ప్రకటించిరి. అటుపై ఆ పరంపర ఏండ్లకొలది నిలిచిపోయినది. తెలంగాణమున గద్దర్ పేరిట బహుమానములు 2025 జూన్ 14వ తేదీన హైదరాబాదులో ప్రదానము చేయబడినవి. 2014 మొదలుకొని గడచిన యేండ్ల ఉత్తమచిత్రములను గూడ ఆనాడే గౌరవించిరి. ఆలస్యముగ నైనను జరిగినది మేలే. కాని పదేండ్ల క్రిందటి చిత్రమునకు నేడు మాల వేసినచో, ఆనాడు తొలిచిత్రము తీసి, ఒక్క మంచిమాటకై యెదురుచూచి, పరిశ్రమను విడిచిపోయిన యువకునకు ఆ మాల చేరునా? కూర్పరులు, ఛాయాగ్రాహకులు, శబ్దకారులు - వీరి పనిని ఆ యేటికాయేడు తూచువారు లేకపోయినచో మిగులు కొలబద్ద యేది? వసూళ్ళ లెక్క యొకటి, పరదేశపు లకోటా యొకటి. ఈ రెండును మనచేతిలోనివి కావు.

కావున రెండు రాష్ట్రముల ప్రభుత్వములకును మేము మనవి చేయునది యిది: బహుమానముల నిచ్చినచో ఏటేట, నియమిత దినమున నిండు. నిర్ణేతలు తమ తీర్పునకు గల కారణములను వ్రాసి ప్రకటింపవలెను. కారణము చెప్పని బహుమానము దానమే గాని తీర్పు కాదు. విమర్శకులకు మా మనవి: చిత్రమును చూచిన రాత్రి దాని గుణదోషములను చెప్పుడు. అది గెలుచునో ఓడునో ఫాల్గుణమే చెప్పగలదు.

తుదకు పాఠకులకొక మాట. 1980లో "శంకరాభరణము" విడుదలైన తొలిదినములలో హాళ్ళు వెలవెలబోయినవి. అగ్రనటులు లేరు, ఏ జోస్యుడును దానిని లెక్కింపలేదు. చూచినవారు ఇంటికి వచ్చి ఇరుగుపొరుగువారికి చెప్పిరి, వారు మఱి పదిమందికి చెప్పిరి. జనము వచ్చినది, జాతీయ బహుమానము వచ్చినది. ఆ తీర్పును మొట్టమొదట చెప్పినది టిక్కెట్టు కొని చూచి, తన కన్నులను తాను నమ్మిన సామాన్య ప్రేక్షకుడు. ఆ నమ్మకమును జోస్యులకు తాకట్టు పెట్టకుండుడు. పరులు మన చిత్రమునకు మాల వేసిననాడు సంతోషింతము. వేయనినాడును అది మంచిదో కాదో మనకు తెలిసియుండవలెను.