డ్రాయింగులో 77 ఉప్పెన గీత ఎక్కడుంది?

బందరులో పోర్టు పనులు నడుస్తున్నాయి. పోర్టు వచ్చిన చోటికి ట్యాంకులు వస్తాయి. విశాఖ చూడండి, కాకినాడ చూడండి. డీజిలు కావచ్చు, వంటనూనె కావచ్చు, యాసిడు కావచ్చు. ఓడలోంచి దిగిన ద్రవం లారీ ఎక్కేదాకా ఎక్కడో ఒకచోట నిలవుండాలి కదా. అది ఉండేది నేల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద ఇనప ట్యాంకుల్లోనే.

నేను ట్యాంకులు వద్దనే బ్యాచి కాదండి. పోర్టు కావాలని ఏళ్ల తరబడి అడిగింది మనమే. నేను అడిగేది ఒక్కటే. మన గడ్డ మీద నిలబెట్టే ట్యాంకుని మన నీటికి, మన మట్టికి లెక్కగట్టి కట్టాలి. ఎక్కడో సముద్రానికి దూరంగా గట్టి నేల మీద కట్టిన ట్యాంకు డ్రాయింగు తెచ్చి, ఊరి పేరు మార్చి ఇక్కడ దింపుతామంటే ఒప్పుకోకూడదు.

ముందు ఒక లెక్క చూడండి. ట్యాంకు అనగానే అందరికీ నిండు ట్యాంకు అంటేనే భయం. మన దగ్గర ఖాళీ ట్యాంకుకి ఇంకా ఎక్కువ భయపడాలి.

20 మీటర్ల అడ్డకొలత, 12 మీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకు అనుకుందాం. ఇనుమంతా కలిపి సుమారు 100 టన్నులు ఉంటుంది. దాని అడుగు విస్తీర్ణం 314 చదరపు మీటర్లు. చుట్టూ ఒక్క మీటరు నీళ్లు నిలిస్తే కింద నుంచి తోసే బలం 314 టన్నులు. అంటే అడుగు పైచిలుకు నీళ్లకే ఖాళీ ట్యాంకు లేవడం మొదలెడుతుంది. వరదొస్తే పెరట్లో ఖాళీ సింటెక్సు ట్యాంకు తేలిపోతుంది, నిండుది కదలదు. ఇదీ అంతే. లేచిందంటే దానికి బిగించిన పైపులు విరుగుతాయి, పక్క ట్యాంకుకి కొట్టుకుంటుంది, అడుగు రేకు చినుగుతుంది.

మూడు మీటర్ల నీటికి తట్టుకోవాలంటే ఆ ట్యాంకులో పెట్రోలు మూడున్నర మీటర్లకు పైనే ఉండాలి. ఎందుకంటే పెట్రోలు నీటికంటే తేలిక.

ఇది కాగితం లెక్క అనేవాళ్లుంటారు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు లూసియానా రాష్ట్రంలో మెరో అనే ఊళ్లో మర్ఫీ ఆయిల్ కంపెనీ ట్యాంకు ఇలాగే పునాది మీద నుంచి లేచి జరిగింది. రెండున్నర లక్షల పీపాల ట్యాంకులో అప్పుడున్నది సుమారు 65 వేల పీపాల ముడిచమురు. అందులో 25 వేల పీపాల దాకా వరద నీళ్లలో కలిసి దాదాపు 1,800 ఇళ్ల మీద పడింది. అంత డబ్బున్న దేశంలో జరిగింది ఇది.

ఇప్పుడు మన సంగతి. 1977 నవంబరు 19 గురించి దివిసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఐదు మీటర్ల దాకా లేచిన ఉప్పెన, దాదాపు 10 వేల ప్రాణాలు. అంతకు ముందు 1864 నవంబరులో బందరు మీద పడ్డ ఉప్పెనకి 30 వేలమంది పోయారని రికార్డులున్నాయి. రెండుసార్లు వచ్చిన నీరు మూడోసారి రాదని ఏ ఇంజినీరైనా సంతకం పెడతాడా?

గుడివాడ వైపు వాళ్లు మాకు ఉప్పెన రాదులే అనుకోకండి. అడుగు పైచిలుకు నీళ్లు చాలని పైన చెప్పా. రెండు రోజులు ముసురు పట్టి డ్రెయిన్లు లాగకపోతే పల్లపు చేలల్లో మోకాలి లోతు నిలవదూ? మిల్లు వెనక ఖాళీగా ఉన్న మూడు మీటర్ల డీజిలు ట్యాంకైనా ఇంచుమించు అంతే నీటికి లేస్తుంది. చిన్నదానికీ పెద్దదానికీ లెక్క దాదాపు ఒకటే.

"ట్యాంకు చుట్టూ గట్టు కడతాం, కారినా బయటికి పోదు" అంటారు. నిజమే, కట్టాలి. ఆ గట్టులోపల పెద్ద ట్యాంకు మొత్తం కారినా పట్టేంత చోటుండాలి, పైన వాన నీటికి ఇంకాస్త ఉండాలి. అయితే ఆ గట్టుకి వాన నీళ్లు వదలడానికి ఒక తూము ఉంటుంది. రొయ్యల చెరువు చేసేవాడికి తెలుసు, తూము మూయడం మరిచిపోతే గట్టెంత ఎత్తున్నా దండగేనని. 2009 అక్టోబరు 29న జైపూర్‌లో ఇండియన్ ఆయిల్ డిపోలో వాల్వు దగ్గర పెట్రోలు గంటకు పైగా ఎగజిమ్మింది. గట్టు తూము తెరిచే ఉంది. కంట్రోలు రూము నుంచి వాల్వు మూసే ఏర్పాటు పనిచేయడం లేదు. ఆవిరి అలుముకుని అంటుకుంది, 10 మందికి పైగా చనిపోయారు, మంటలు రోజుల తరబడి ఆరలేదు.

అదే మన దగ్గర తూములోంచి కారితే ఎటు పోతుంది? డ్రెయిన్లోకి. డ్రెయిన్లో పడ్డది సముద్రానికి పోతుందిలే అనుకునేవాడు డెల్టా చూసినవాడు కాదు. పోటు మీద డ్రెయిను ఎగదన్నుతుంది. కారిన నూనె సముద్రంలోకి పోకుండా మన చెరువుల్లోకి, చేలల్లోకి వెనక్కి వస్తుంది.

ఇక మట్టి. మనది ఒండ్రు నేల, జిగట మట్టి. ఇల్లు కడితేనే ఒక మూల కుంగి గోడ బీట తీస్తుంది. వేల టన్నుల ట్యాంకు మొత్తం సమానంగా దిగితే కొంత నయం, ఒకవైపు ఎక్కువ దిగితే అడుగు రేకు, గోడ కలిసే అతుకు దగ్గర చినుగుతుంది. అందుకే ద్రవం పోసేముందు నిండా నీళ్లు పోసి, అంచెలంచెలుగా పెంచుతూ, ఎక్కడెంత కుంగిందో కొలవాలి. 1915లో బోస్టన్‌లో మొలాసిస్ ట్యాంకు కట్టి, ఆరు అంగుళాల నీళ్లు పోసి పరీక్ష అయిందనిపించారు. 1919 జనవరి 15న అది పగిలి 21 మంది పోయారు. మన చక్కెర ఫ్యాక్టరీల్లో చూసే మొలాసిసే అది.

కట్టడం బాగున్నా కాపలా లేకపోతే ఏమవుతుందో 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో చూశాం. ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊళ్లో పడింది, 12 మంది పోయారు. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైన ఎంత కాగుతోందో చూపే సాధనమే లేదు. సైరన్ ఉండి కూడా మోగలేదు. జనం నిద్రలోంచి లేచి పరిగెత్తారు.

కాబట్టి ఎవరైనా ట్యాంకు కడతామని వస్తే ఉద్యోగాలెన్ని అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇవీ అడగండి.

77 ఉప్పెన నీటిమట్టం మీ డ్రాయింగులో గీత గీశారా? ఆ గీత దాకా నీళ్లొస్తే ఖాళీ ట్యాంకుని పట్టుకునేది ఏంటి, మెరక పునాదా, యాంకర్లా?

తుపాను హెచ్చరిక రాగానే ప్రతి ట్యాంకులో ఎంత మట్టం ఉంచుతారు? ఎవరు నింపుతారు, ఎన్ని గంటల్లో? నూనె ట్యాంకులో నీళ్లు నింపొచ్చు. గాఢ యాసిడు ట్యాంకులో నీళ్లు పోస్తే అదో ఉపద్రవం. దానికి మీ ఏర్పాటేంటి?

గట్టు తూము మూసి ఉందని రోజూ చూసి సంతకం పెట్టేదెవరు? కరెంటు పోయినా పనిచేసే మట్టం అలారం ఉందా? ఉప్పుగాలికి అడుగు రేకు ఎంత తిందో ఎన్నేళ్లకోసారి లోపలికి దిగి చూస్తారు?

సైరన్ మా ఊరికి వినపడుతుందా? ఏడాదికి ఒకసారైనా మోగించి చూపిస్తారా?

పెద్ద ప్రాజెక్టుకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నోటీసు 30 రోజుల ముందు ఇవ్వాలి, సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. తీసుకుని చదవండి. ఉప్పెన అనే మాట అందులో ఎన్నిచోట్ల ఉందో వెతకండి. లేకపోతే మైకు తీసుకుని అదే చెప్పి, మినిట్స్‌లో రాయించండి. సేకరణ అక్కర్లేని చిన్న ట్యాంకైతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి.

"అన్ని పర్మిషన్లూ ఉన్నాయండీ" అంటారు. ఉండొచ్చు. నీళ్లకి పర్మిషన్ కాగితం చదవడం రాదు. దానికి తెలిసింది బరువొక్కటే. ట్యాంకు బరువు చాలకపోతే లేపుకుపోతుంది.