ఇంజనీరింగు డాక్టరేటు: ప్రవేశ నిబంధనలు

ఇంజనీరింగు విద్యయందు డాక్టరేటు పట్టము నేడు విద్వత్తునకు చిహ్నము మాత్రమే కాదు. ఉద్యోగమునకు ద్వారము కూడ నైనది. సాంకేతిక కళాశాలలలో అసోసియేటు ప్రొఫెసరు పదవి నాశించువారికి డాక్టరేటు ఉండితీరవలెనని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2019వ సంవత్సరపు నిబంధనలలో విధించినది. తెలుగునాట జిల్లా జిల్లాకును వెలసిన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో ఎం.టెక్. పట్టముతో బోధించుచున్న యువతీయువకు లెందరో కలరు. వీరు పై పదవికి పోవలెనన్న, జీతము వదలుకొనలేరు గావున, ఉద్యోగము చేయుచునే డాక్టరేటు గడింపవలసియున్నది. అందుచేత ఆ పట్టమునకు ప్రవేశ మెట్లు, కాలపరిమితి యెంత, పరీక్షించువా రెవరు అను ప్రశ్నలు ఆచార్యుల గదులు దాటి గృహస్థుల లోగిళ్లకు వచ్చినవి.

ఐ.ఐ.టీ.లు తమ సెనేటులు చేసికొన్న నిబంధనల ననుసరించును. ఆంధ్ర, ఉస్మానియా, జె.ఎన్.టి.యు. వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయములకు ప్రమాణమైనవి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022 నవంబరు 7వ తేదీన ప్రకటించిన నిబంధనలు. స్నాతకోత్తర పరీక్షలో నూటికి 55 మార్కులు వచ్చినవారును, నాలుగేండ్ల పట్టపరీక్షలో 75 వచ్చినవారును అర్హులు. వెనుకబడిన వర్గములు మొదలగువారికి 5 మార్కుల సడలింపు గలదు. కనీస కాలము 3 సంవత్సరములు, గరిష్ఠము 6. పునర్నమోదుచే మరి రెండేండ్లు. స్త్రీలకు అంతకుమించి యింకను రెండేండ్లును, 240 దినముల ప్రసూతి సెలవును లభించును. ఈ చివరి యేర్పాటు న్యాయమైనది. వివాహమును ప్రసవమును అడ్డువచ్చి పరిశోధనము మధ్యలోనే నిలిపివేసిన సోదరీమణులను మన కుటుంబములలోనే చూచుచున్నాము.

మరియొక మంచి మార్పును గూడ మెచ్చుకొనవలసియున్నది. 2016 నాటి నిబంధనల ప్రకారము సిద్ధాంతగ్రంథము సమర్పింపకమునుపే పరిశోధన పత్రిక యొకదానియందు ఒక వ్యాసము ప్రకటించి, సభలలో రెండు పత్రములు చదువవలసియుండెను. ఉద్దేశము మంచిదే. కాని రుసుము పుచ్చుకొని యేది పంపినను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె పుట్టుకొనివచ్చినవి. వానిని అరికట్టుటకై మేలైన పత్రికల జాబితా నొకదానిని సిద్ధపరచి, 2025లో ఆ జాబితాను సంఘమువారే విరమించుకొనవలసి వచ్చినది. 2022 నిబంధనలు వ్యాసప్రకటనము తప్పనిసరి యను నియమమును తొలగించినవి. వ్యాసములను లెక్కించుట సులభము, తూచుట కష్టము. ఇప్పుడు తూచు భారము పర్యవేక్షకునిపైనను, విశ్వవిద్యాలయమునకు వెలుపలివారైన ఇద్దరు పరీక్షకులపైనను పడినది.

అసలు చిక్కు ఉద్యోగస్థుల విషయమున నున్నది. పార్ట్-టైము అభ్యర్థి తన యజమానినుండి నిరభ్యంతర పత్రమును తేవలెనట. ఈతనికి చదువుకొన ననుమతి గలదనియు, ఈతని విధులు పరిశోధనమునకు తగిన తీరిక నిచ్చుననియు, అవసరమైనచో పాఠ్యభాగము పూర్తిచేయుటకై విధులనుండి విడుదల చేయుదుమనియు అందు వ్రాసియుండవలెను. ఈ మూడు వాక్యములు వ్రాయుటకు కళాశాల యాజమాన్యమునకు కాగితమొకటి చాలును. నిజమైన తీరిక మాట వేరు. అసిస్టెంటు ప్రొఫెసరునకు వారమునకు 16 గంటల బోధన విధింపబడియున్నది. దానిపై జవాబుపత్రములు దిద్దుట, తనిఖీ సంఘములకు దస్త్రములు కూర్చుట, వేసవియందు విద్యార్థులను చేర్పించుటకై యూళ్లు తిరుగుట! కాంక్రీటు దిమ్మను పోసిన 28వ దినమున పరీక్షింపవలెను. అధ్యాపకుని సెలవు కొరకు ఆ దిమ్మ నిరీక్షింపదు. యంత్రము రాత్రింబవళ్లు నడచుచుండగా ఉష్ణమానములు వ్రాసికొనవలసినవాడు బస్సులో ఏబది మైళ్ల దూరమున నున్నచో నా పరిశోధన మెట్లు సాగును? గ్రంథాలయమున చదివి వ్రాయదగిన శాస్త్రములు కొన్ని కలవు. ఇంజనీరింగు వానిలో జేరదు.

ఇట్టి స్థితియందు దోషమంతయు అభ్యర్థిపై మోపుట అన్యాయము. పూర్తికాలము పరిశోధనమునకు రమ్మన్నచో వేతన మెవరిచ్చెదరు? జూనియర్ పరిశోధక వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలైనది. 2018లో నెలకొల్పిన ప్రధానమంత్రి పరిశోధక వేతనము 70,000 రూపాయలతో ఆరంభ మగును. కాని దానిని పొందువారు మిక్కిలి కొద్దిమంది. 2024లో నెట్ పరీక్ష మార్కులతో డాక్టరేటు ప్రవేశములు జరుపవచ్చునని సంఘమువారు ప్రకటించిరి గాని, సివిలు, మెకానికలు వంటి శాఖలు ఆ పరీక్షలో లేనే లేవు. వారికి దిక్కు గేట్ పరీక్షయో, విశ్వవిద్యాలయము జరుపు ప్రవేశ పరీక్షయో. ఏ వేతనమును దొరకనివాడు ఇంటి బాధ్యతలతో మూడేండ్లు ప్రయోగశాలలో కూర్చుండునని యాశించుట కల్ల.

పర్యవేక్షకుల సంగతియు నిట్టిదే. ఆచార్యునకు ఎనమండుగురు, అసోసియేటు ప్రొఫెసరునకు ఆరుగురు, అసిస్టెంటు ప్రొఫెసరునకు నలుగురు శిష్యులకు మించి యుండరాదు. పరిమితి సరియే. అయితే ఒక్కొక్క శిష్యునకు కావలసిన పరికరము పనిచేయు స్థితిలో నున్నదా యని యే నిబంధనయు నడుగుట లేదు.

విశ్వవిద్యాలయములు ఈ విషయమున రెండు పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. ప్రవేశ ప్రకటనలో ప్రతి సీటుకెదురుగను పర్యవేక్షకుని పేరు, ఆయన యొద్ద నిప్పుడున్న శిష్యుల సంఖ్య, ప్రయోగశాలయందలి ముఖ్య పరికరములు ప్రకటింపవలెను. నిరభ్యంతర పత్రముతోపాటు అభ్యర్థి బోధించు తరగతుల వేళాపట్టికను గూడ యాజమాన్యము ముద్రవేసి పంపవలెను. ఆరునెలల కొకసారి జరుగు ప్రగతి పరీక్షలో దానిని సరిచూడవలెను. తీరిక లేదని తేలినచో ప్రశ్నింపవలసినది యాజమాన్యమును. అభ్యర్థి నమోదును రద్దుచేయరాదు. వీనికై ఢిల్లీనుండి యుత్తరువు రావలసిన పనిలేదు. అకడమిక్ కౌన్సిలు సభలో తీర్మానము చేసినచో వచ్చు ప్రవేశ ప్రకటననుండియే యమలుపరుపవచ్చును.