మాల్టాని చూసి నేర్చుకోవాలట!

మా ఆఫీసు భోజనాల బల్ల దగ్గర వారానికో దేశాన్ని ఆదర్శంగా నిలబెట్టే ఆనవాయితీ ఒకటుంది. సింగపూర్ అయిపోయింది, దుబాయి అయిపోయింది. ఈమధ్య వంతు మాల్టాది. "నదుల్లేవు, గనుల్లేవు, అడవుల్లేవు. ఉన్నది 316 చదరపు కిలోమీటర్ల రాతిదిబ్బ. అయినా సగటు మనిషి కొనుగోలు శక్తిలో యూరోపియన్ యూనియన్ సగటుని దాటేశారు. ఎలా? టూరిజం! మనవాళ్ళకేదీ ఆ బుర్ర?" ఇదీ వరస.

ఓ ప్రాజెక్టు పనిమీద నేనక్కడ మూడు వారాలున్నాను. మూడు వారాలకే దేశం మొత్తం అర్థమైపోయిందని అనను గానీ, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకంటే మూడు వారాలు ఎక్కువే తెలుసు. అందుకే ఈ గోల.

ముందు ఒప్పుకోవలసినవి ఒప్పేసుకుందాం. 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దీవి బతుకు చాలావరకు బ్రిటిష్ నౌకాదళం మీద, ఓడల మరమ్మతుల మీద నడిచేది. 1979 మార్చి 31న ఆఖరి బ్రిటిష్ దళం కూడా వెళ్ళిపోయింది. ఇక బతుకుతెరువు వాళ్ళే వెతుక్కున్నారు. కిర్కోప్ అనే చిన్న ఊళ్ళో 1980ల నుంచీ చిప్పుల ఫ్యాక్టరీ నడుస్తోంది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరారు, 2008లో యూరో తెచ్చుకున్నారు. ఆన్‌లైన్ జూదానికి లైసెన్సులిచ్చే చట్టం యూనియన్ దేశాలన్నిటికంటే ముందు, 2004లోనే చేసేశారు. కంపెనీ పన్ను పేరుకి 35 శాతం, కానీ వాటాదారులకిచ్చే వాపసులు పోగా చాలా కంపెనీలకి చివరకి తగిలేది 5 శాతమే. తెలివే, కాదనను. నేను కోడు రాసింది కూడా అలాంటి జూదం కంపెనీకే. అంటే కొన్ని నెలల పాటు నా జీతం కూడా ఆ డబ్బులోంచే వచ్చింది. కాబట్టి నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని చెప్పుకోవడం లేదు.

నా గొడవల్లా ఒక్కటే. అమ్మడం మొదలెట్టాక ఎక్కడ ఆపాలో తెలియకపోతే దాన్ని బుర్ర అనరు.

పాస్‌పోర్టుల సంగతే చూడండి. 2014 నుంచి పౌరసత్వాన్ని అమ్మకానికి పెట్టారు. ఖజానాకి ఆరున్నర లక్షల యూరోలు, దానిపైన ఓ ఇల్లు, కాసిని బాండ్లు. అంతే, మీరు మాల్టా పౌరులు, అంటే యూరప్ పౌరులు! ఇది చెల్లదని యూరోపియన్ న్యాయస్థానం 2025 ఏప్రిల్ 29న తేల్చి చెప్పేదాకా, పేర్లూ షరతులూ మారుతూ, ఈ దుకాణం నడిచింది. పాస్‌పోర్టుల అమ్మకం గురించీ, పెద్దవాళ్ళ అవినీతి గురించీ ఏళ్ళ తరబడి రాసిన విలేకరి డాఫ్నే కరువానా గలీజియాని 2017 అక్టోబరు 16న కారులో బాంబు పెట్టి చంపేశారు. ఏం చేసినా శిక్ష పడదన్న ధీమా పెరిగే వాతావరణానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2021లో విచారణ సంఘం చెప్పింది. నల్లధనం మీద నిఘా సరిగా లేదని అదే ఏడాది జూన్‌లో మాల్టాని అంతర్జాతీయ 'గ్రే లిస్టు'లో పెట్టారు. బయటపడటానికి ఏడాది పట్టింది. ఆదర్శ దేశం గురించి మావాళ్ళు చెప్పేటప్పుడు ఈ ముక్కలెందుకో వినపడవు.

సరే, అది చీకటి వ్యాపారం, టూరిజం తప్పేముంది అంటారా? లెక్కలు చూద్దాం.

2010లో వచ్చిన పర్యాటకులు సుమారు 13 లక్షలు. 2024లో 35 లక్షలు దాటారు. 2023 చివరికి అక్కడి జనాభా ఐదు లక్షల అరవై వేల పైచిలుకు. అంటే ఒక్కో మనిషికీ ఏడాదికి ఆరుగురు చుట్టాలు! స్థలం ఎంత? 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణమెంతో, అందులో ఇంచుమించు సగం. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. కుళాయిల్లో వచ్చే నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి తయారు చేసుకున్నవే. హోటల్లో మనం రెండోసారి చేసే స్నానం కూడా అక్కడ ఫ్యాక్టరీ సరుకే అన్నమాట.

నేను స్లీమాలో దిగాను. కిటికీ తెరిస్తే సముద్రం కనిపించాలి. నాకు మూడు క్రేన్లు కనిపించాయి. తేనెరంగు సున్నపురాతితో, రంగురంగుల చెక్క బాల్కనీలతో ఉండే పాత ఇళ్ళు ఒక్కొక్కటే మాయమై, వాటి చోట ఫ్లాట్లు లేస్తున్నాయి. 2022 డిసెంబరులో ఫ్యాక్టరీ కోసం కడుతున్న ఓ భవనం కూలి జాన్ పాల్ సోఫియా అనే 20 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. బహిరంగ విచారణ కావాలని ఆ తల్లి నెలల తరబడి తిరిగింది. 2023 జులైలో పార్లమెంటులో పాలకపక్షం కుదరదంది. జనం మండిపడేసరికి కొద్ది రోజుల్లోనే ప్రధాని దిగొచ్చి ఒప్పుకున్నాడు. అది హోటల్ కాదుగా అంటారేమో. కాదు. కానీ హడావుడి అంతా ఒకటే, కట్టేసేయ్, అమ్మేసేయ్!

ఇక ఈ చుట్టాలందరికీ వండి వార్చేదెవరు? 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల 19 వేల మందిలో లక్షా 15 వేల మంది విదేశీయులు. ఓ రాత్రి ఆర్డరు తెచ్చిన కుర్రాడు నా పేరు చూసి "అన్నా, తెలుగా?" అన్నాడు. ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు. ఒక ఫ్లాటులో ఎనిమిదిమంది. పోస్టర్ల మీద కనిపించే బ్లూ లగూన్‌కి ఎప్పుడైనా వెళ్ళావా అనడిగాను. "సెలవు దొరికితే నిద్రపోతానన్నా" అన్నాడు. తలసరి ఆదాయం పట్టికలో ఆ నిద్రకి కాలమ్ ఉండదు.

అసలు విషయానికొస్తాను. పావ్లా అనే ఊళ్ళో, మామూలు ఇళ్ళ మధ్య, భూమి కింద హల్ సఫ్లీనీ హైపోజియం ఉంది. ఐదువేల ఏళ్ళకి పూర్వం రాతిలో తొలిచిన సమాధి గదులు. పైకప్పు మీద ఎర్రమట్టితో వేసిన సుడులు ఇంకా ఉన్నాయి. మనుషుల ఊపిరి, దాని తేమ తగిలి అవి పాడవుతున్నాయని తెలిసి ఏళ్ళ తరబడి మూసేసి బాగుచేశారు. తర్వాత ఓ నియమం పెట్టారు. రోజుకి 80 మంది. గంటకి పదిమంది, అంతే. ఎంత డబ్బిచ్చినా ఎనభై ఒకటోవాడికి చోటు లేదు. నెలల ముందే టికెట్లు అయిపోతాయి. నాకు దొరకలేదు. ఆ రోజు తిట్టుకున్నాను, ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను.

మా వృత్తిలో ఇది మొదటి పాఠం. సర్వరు ఎంతమందిని మొయ్యగలదో కొలవకుండా అందర్నీ లోపలికి రానిస్తే, మొదటి గంట గ్రాఫు అద్భుతంగా ఉంటుంది, రెండో గంటకి సర్వరే ఉండదు. ఆ గ్రాఫు చూపించి ప్రమోషను కొట్టేసినవాడు మాత్రం అప్పటికే వేరే టీములో ఉంటాడు! ఈ పాఠం మాల్టాకి తెలియదా? ఎనభై దగ్గర గీత గీసింది వాళ్ళేగా. ఆ బ్లూ లగూన్‌కి మాత్రం జనం తొక్కి పాడుచేశాక, 2025లో గానీ ముందస్తు బుకింగూ, ఒకసారికి నాలుగువేల మంది అన్న పరిమితీ రాలేదు.

ఇంకో మాట. మావాళ్ళు చెప్పే రెండో కారణం "వాళ్ళకి ఇంగ్లీషొచ్చు". వచ్చు, నిజమే. కానీ ఆఫీసులో నాతో ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళు పక్కకి తిరిగితే మాల్టీసే. వాక్యానికోసారి 'మేలా' అంటారు, అచ్చం మన 'మరి' లాగా. అరబ్బీలోంచి పుట్టి, ఇటాలియన్‌ని కలుపుకుని, రోమన్ లిపిలో రాసుకునే భాష. కాథలిక్కులై ఉండి దేవుణ్ణి 'అల్లా' అంటారు, లెంట్ ఉపవాస దినాలని 'రన్దాన్' అంటారు. 1934లో ఇంగ్లీషుతో పాటు అధికార భాష అయింది, ఇవాళ యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. మాట్లాడేది ఐదు లక్షల మంది! ఊరి పండగ 'ఫెస్టా' కూడా అంతే. బాణసంచా, బ్యాండు మేళం, పక్కవీధి బ్యాండుతో పోటీ, అన్నీ ఊరివాళ్ళు తమకోసం చేసుకునేవే. యునెస్కో 2023లో గుర్తించింది గానీ, గుర్తించకపోయినా మానేవాళ్ళు కాదు.

ఏతావాతా నాకు తేలిందేమిటంటే, మాల్టాలో నిలిచినవన్నీ ధరచీటీ అంటించనివే. భాష, ఫెస్టా, ఎనభై మందినే రానిచ్చే ఆ గది. అమ్మినవాటికి డబ్బొచ్చింది, దాంతోపాటు క్రేన్లూ, కోర్టు తీర్పులూ వచ్చాయి.

కాబట్టి మాల్టాని చూసి నేర్చుకోవలసిందే, ఒప్పుకుంటాను. కాకపోతే 35 లక్షల అంకె నుంచి కాదు, 80 అంకె నుంచి. కాదనేవాళ్ళు పోస్టర్లు పక్కనపెట్టి లెక్కలతో రండి, మాట్లాడుకుందాం.