మాట ఉన్నది, వ్రాత లేదు

అమెరికా విశ్వవిద్యాలయాలు పెక్కింటిలో పట్టం పొందాలంటే ఇంగ్లీషు కాక మరొక భాషలో ప్రవేశం చూపాలి. ఆ భాష ముందే వచ్చిన విద్యార్థి స్థాయి నిర్ణయ పరీక్షలో నెగ్గితే ఏడాది, రెండేళ్ళ తరగతులు తప్పుతాయి. యేల్ మాత్రం ఎంత వచ్చినవారినైనా కొంతకాలం తరగతిలో కూర్చోబెడుతుంది.

ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలకు బడిలోనే వ్రాసే ఏపీ పరీక్ష ఉన్నది (ఏపీ అనగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, మన ఆంధ్రప్రదేశ్ కాదు!). భారతీయ భాష ఒక్కదానికీ అది లేదు. మనవారికి ఉన్న దారులలో రెండు: ఆక్ట్‌ఫల్ సంస్థ తెలుగులోనూ జరిపే మౌఖిక పరీక్ష, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయం తానే పెట్టే పరీక్ష. మొదటిదానికి మాట చాలు. రెండవదానిలో సాధారణంగా చదవడం, వ్రాయడం కూడా అడుగుతారు. సరిహద్దు పిల్లలు తడబడేది అక్కడే.

హోసూరులో ఇంట తెలుగే వింటూ పెరిగిన విద్యార్థిని తీసుకుందాం. తమిళనాడు 2006లో చేసిన చట్టం ఒకటవ తరగతి నుండి తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేసి, 2015-16కు పదవ తరగతి దాకా తెచ్చింది. తెలుగు ఐచ్ఛిక స్థానానికి జరిగింది. అతడు తెలుగు మాటాడగలడు, వ్రాయలేడు. తమిళంలో రెండూ చేయగలడు. కనుక తమిళ పరీక్షకే కూర్చుని నిబంధన తీర్చుకుంటాడు. విశ్వవిద్యాలయానికి లోటేమీ లేదు. అతని పత్రంలో తెలుగు అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించదు.