ఉపగ్రహమునకు అందని పొగ

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున వ్యాసర్పాడి మేడలమీద జనము చేరుట మనకు క్రొత్త కాదు. 2024 ఫిబ్రవరి 17వ తేదీ సాయంకాలము లేచిన రాకెట్టు ఇన్సాట్-3డి.ఎస్. అను వాతావరణ ఉపగ్రహమును మోసికొనిపోయినది. నిప్పుతోక కనబడినంతసేపు చప్పట్లు చరచి, పిమ్మట మెట్లు దిగిపోవుదుము. అట్టి ఉపగ్రహములు మన తలలమీది గాలిలో ఏమి చూచుచున్నవో విచారించువారు అరుదు. విచారింపవలసిన అగత్యము మన పేటవారికి ఎక్కువగానే ఉన్నది. మనకు ఉత్తరమున కొడుంగైయూరు చెత్తదిబ్బ, దాని కావల మణలిలో చమురుశుద్ధి కర్మాగారము, ఎరువుల కర్మాగారము, ఈశాన్యమున ఎన్నూరు ప్రాంతపు బొగ్గు విద్యుత్కేంద్రములు కలవు. చలికాలపు గాలి ఆ దిక్కునుండియే వీచును.

ఇంటికప్పు సందున దూరిన ఎండలో దుమ్ము కదలాడుట చూడనివారుండరు. అట్టి రేణువునకు మన పూర్వులు త్రసరేణువని పేరిడిరి. అయితే కంటికి కనబడునది పెద్ద రేణువు. ఊపిరితిత్తుల లోతునకు పోవునది కంటికి కనబడదు. పి.ఎం. 2.5 అని పత్రికలు వ్రాయునది ఈ సన్నని రేణువులను గూర్చియే. వాని వ్యాసము 2.5 మైక్రానులకు లోబడియుండును, అనగా తలవెంట్రుక మందములో 20వ వంతునకు మించదు.

ఉపగ్రహము చేయు పనియు ఎండలో దుమ్మును చూచుట వంటిదే. సూర్యకాంతి రేణువులకు తగిలి చెదరి, కొంత పైకి మరలును. ఆ కాంతిని పలు రంగులలో కొలిచి గాలి ఎంత మసకబారినదో లెక్కగట్టుదురు. ఎడారి దుమ్ము, సముద్రపుటుప్పు ముతకవి, పొగ సన్ననిది. కాంతి చెదరు తీరులోని భేదమును బట్టి ఏది ఏదో కొంతవరకు తెలియును. 1999 డిసెంబరులో పంపబడిన టెర్రా, 2002లో పంపబడిన ఆక్వా అను అమెరికా ఉపగ్రహములు ఈ పనికి ప్రసిద్ధములు. 2006లో వెళ్లిన కాలిప్సో క్రిందికి లేజరు కిరణములు ప్రసరించి, పొగ ఎంత యెత్తున వ్రేలాడుచున్నదో 2023 వరకు తెలిపినది. 2017లో ఐరోపావారు పంపిన సెంటినెల్-5పి గంధక, నత్రజని వాయువులను పసిగట్టును. విద్యుత్కేంద్రముల గొట్టములనుండి వెలువడు ఈ వాయువులే గాలిలో మారి సన్నని రేణువులగును.

వీనివలన కలిగిన గొప్ప ఎరుక యేమనగా, పొగకు ఎల్లలు లేవని. 1999లో జనవరి మొదలు మార్చి వరకు హిందూ మహాసముద్రముపై ఓడలు, విమానములు, ఉపగ్రహములు కలిసి ఒక మహాపరిశోధన జరిపినవి. దానికి ఇండోయెక్సు అని పేరు. మన ఉపఖండమునుండి సాగిన గోధుమవన్నె పొగమంచు సముద్రముమీద చాల దూరము పరచుకొనియున్నట్లు అందు తేలినది. దాని నాయకులలో ఒకరైన వీరభద్రన్ రామనాథన్ ఈ నగరముననే జన్మించినవారు. మాతృభాష తమిళము, 11వ యేట బెంగుళూరు చేరగా అచటి పాఠశాలలో బోధన ఇంగ్లీషున సాగినది. అంతట ఉపాధ్యాయుల మాట వినుట తప్పి, విషయమును తనంతట తానే యోచించుకొనుట అలవడినదని ఆయనయే చెప్పియున్నారు. ఇంటిభాష ఒకటి, వీధిభాష మరియొకటి అయిన మన పిల్లలు ఈ మాట వినదగినవారు.

చలికాలమున గంగామైదానపు పొగ బంగాళాఖాతముమీదికి దిగి, కోస్తా వెంబడి దక్షిణమునకు సాగును. కనుక మనము పీల్చునదంతయు మన పొగయే కాదు. ఇది సత్యము. కాని ఈ సత్యము సాకుగా మారుటకు ఎంతో సేపు పట్టదు. “గాలి ఎచ్చటినుండియో వచ్చినది, మేమేమి చేయగలము?” అని కర్మాగారమువారు అనవచ్చును, కార్పొరేషనువారు అనవచ్చును, వీధిలో టైరు కాల్చువాడును అనవచ్చును. నా అభ్యంతరము ఉపగ్రహముల మీద కాదు, వాని లెక్కను వీధి లెక్కగా చెల్లుబాటు చేయుటమీద.

ఏలయన ఉపగ్రహము నేలనుండి ఆకాశము వరకుగల గాలినంతటిని ఒక్కటిగా చూచును. అందులో మన ముక్కు ఎత్తున ఉన్నదెంతయో వేరుగా లెక్కింపవలసియుండును. టెర్రా, ఆక్వాల పటములు మొదట 10 కిలోమీటర్ల గడులతో వెలువడినవి. అట్టి గడి ఒక్కదానిలో వ్యాసర్పాడి, పెరంబూరు, కొడుంగైయూరు, మణలి అన్నియు ఇమిడిపోవచ్చును. ఇప్పుడు 1 కిలోమీటరు గడులు వచ్చినవి, సంతోషమే. ఐనను మేఘము క్రమ్మిన దినమున పటము ఖాళీగానుండును, మనకా ఐప్పసి, కార్తికములు మేఘముల మాసములు. ఇన్సాటు అరగంట కొకసారి చిత్రము తీసినను, చీకటిలో సూర్యకాంతి లేనందున ఈ లెక్క సాగదు.

చీకటి అనగానే భోగి గుర్తునకు రావలెను. తలిదండ్రులకు ఇది కొంచెము కటువుగా తోచవచ్చును. పాత చాపలు, చీపుళ్లు కాల్చుట మన ఆచారమే. టైర్లు, ప్లాస్టిక్కు కాల్చుట ఏ తాతముత్తాతల ఆచారము? 2018 జనవరి 13వ తేదీ భోగినాడు పొగయు మంచును కలిసి నగరమును క్రమ్మగా, విమానములు దిగలేక కొన్ని ఇతర నగరములకు మరలినవి. విమానము మరలిపోగలదు, తొట్టిలోని పసిబిడ్డ ఎచ్చటికి మరలును? తెల్లవారుజామున మనము రగిల్చిన మంట ఉపగ్రహపు లెక్కలో పడదు గాని, దాని పొగ మన బిడ్డల రొమ్ములలో పడును. మణలిని నిందించుటకు మనకు హక్కు కలదు. ఆ హక్కు ఆ తెల్లవారుజామున కొంత సన్నగిలును.

ఇక కొడుంగైయూరు సంగతి. చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కర్మాగారమును అచట నిర్మింపవలెనని కార్పొరేషను తలపెట్టగా, 2025లో ఉత్తర చెన్నపురి నివాసులు నిరసన తెలిపిరి. దాని మంచిచెడ్డలు తేల్చుటకు ముందు, ఇప్పటి గాలి ఎట్లున్నదో నేలమీద కొలిచి వ్రాసిపెట్టవలెను. లేనిచో రేపు పెరిగినదా తరిగినదా అన్న తగవు తీరదు. ఘనమీటరు గాలిలో ఈ సన్నని రేణువులు సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశపు ప్రమాణము 40. ఈ రెండింటి నడుమ మన పేట ఎచటనున్నదో ప్రతి యింటివారికిని తెలియవలెను. కాలుష్య నియంత్రణ మండలివారు కొడుంగైయూరు, మణలి, రాయపురములలో కొలత యంత్రములు నిలిపియున్నారు. ఆ అంకెలు ఎవరైనను చూడవచ్చును. వానిని తమిళమునను తెలుగునను పలకపై వ్రాసి పాఠశాల వాకిట నిలుపుట కష్టమైన పని కాదు.

పై తరగతుల విద్యార్థులకు నా సూచన ఇది. ధనుర్మాసారంభమున ఒక నోటుపుస్తకము తెరువుడు. ప్రతిదినము ప్రార్థనవేళకు మేడమీదినుండి ఒకే దూరపు గోపురమునో పొగగొట్టమునో చూచి, స్పష్టముగా కనబడినదా, మసకగానా, కనబడనే లేదా వ్రాయుడు. గాలి ఏ దిక్కునుండి వీచినది, ఏ వాసన వచ్చినది, ఏ వీధిలో ఏమి కాలినది వ్రాయుడు. ప్రక్కన ఆ గంటకు కొడుంగైయూరు యంత్రము చూపిన అంకెను, నాటి ఉపగ్రహపటము దొరికినచో దాని సంగతిని చేర్చుడు. పటము ఖాళీగానున్న దినములను విడువక, ఖాళీ అని వ్రాయుడు. సంక్రాంతి సెలవులు ముగిసిన పిదప ఆ పుస్తకమును ఈ పత్రికకు పంపినచో, వచ్చు సంచికలో ఉన్నది ఉన్నట్లు అచ్చువేయ వచ్చును.