ఎముక చెప్పు పాఠము

కోడి ఎముకను కొన్ని దినములు వెనిగరులో నానవేసినచో అది విరుగక వంగును. నిప్పులో బాగుగా కాల్చినచో పెళుసై పొడియగును. మొదటిదానియందు ఖనిజము కరిగిపోయినది. రెండవదానియందు కొల్లాజెన్ అను మాంసకృత్తు దారములు కాలిపోయినవి. ఈ రెండును కలసి అల్లుకొనుటచేతనే ఎముకకు బలము చేకూరుచున్నది. కావున బలము పదార్థమునందే గాక దాని అమరికయందును కలదు.

ఆ అమరికను చూచుట సులభము కాదు. ఖనిజపు పలుకుల మందము కొద్ది నానోమీటర్లే. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. 1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్-కిరణములు ఎముక నీడను చూపినవి గాని లోతును చూపలేదు. నేడు ఒకే తునకను పలు కోణములనుండి చిత్రించి, ఆ నీడలను గణితముచే కూర్చి, త్రిపరిమాణ రూపమును నిర్మించుచున్నారు. 2010లో స్విట్జర్లాండున చిట్టెలుక తొడ ఎముకను ఇట్లు పరిశీలించి, సుమారు 100 నానోమీటర్ల వివరములను గుర్తించిరి. 2018లో యార్కు, లండను నగరముల పరిశోధకులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో మానవుని ఎముకను చూచి, వంకర సూదులవంటి పలుకులు కలసి పలకలుగను, పలకలు దొంతరలుగను ఏర్పడుచున్నవని తెలిపిరి.

ఇందు మనకు దగ్గరి విషయ మొకటి కలదు. కొల్లాజెన్ మూడుపేటల త్రాటివంటిదని 1954లో మనముండు ఈ తమిళనాటనే, మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. ఆ రామచంద్రన్‌గారే 1971లో ఎ. వి. లక్ష్మీనారాయణన్‌తో కలసి, నీడలనుండి రూపమును కూర్చుటకు సులభమైన గణితపద్ధతిని ప్రకటించిరి. దారమును తెలిపినవారే దానిని చూచు త్రోవను గూడ సుగమము చేసిరి.

శాస్త్రము తెలుగున ఇముడదనియు, తెలుగు బడిలో చదివిన బిడ్డ వెనుకబడుననియు కొందరు తల్లిదండ్రులు శంకించుచున్నారు. వారి దిగులును మేము తేలికగా తలపము. పై చదువులకు ఆంగ్లము కావలెను; ఇరుగుపొరుగుతో మెలగుటకు తమిళము కావలెను. రెంటిని శ్రద్ధగా నేర్పవలసినదే. కాని విషయము మొదట మనస్సునకు పట్టవలెను; అది ఇంటి భాషలో పట్టినంత గట్టిగా వేరొక భాషలో పట్టదని మా అభిప్రాయము. ఒకసారి పట్టిన భావము ఏ భాషలోనికైనను వెంటవచ్చును. అర్థముకాక కంఠస్థము చేసిన పాఠము పరీక్షతోడనే పోవును.

పై సంగతులన్నియు తెలుగుననే వ్రాసితిమి. తల్లిదండ్రులారా, ఈ పుటను మీ బిడ్డచే బిగ్గరగా చదివించి, కాల్చిన ఎముక ఏల పొడియగునో అడుగుడు. బిడ్డ చెప్పు సమాధానమును వినిన పిదప, మా బడిని గూర్చి మీరే నిర్ణయింపుడు.